వార్షిక నివేదిక: మీ విరాళాలు ఎక్కడికి వెళ్లాయి, ఎందుకు వెళ్లాయి

గౌరవ సభ్యులకు నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి ఏడాది పనుల నివేదిక ఇవ్వాలని మన నియమావళిలో ఉంది. ఆ నియమం లేకపోయినా ఈసారి రాసేదాన్నే. మీరు నమ్మి ఇచ్చిన డబ్బును ఏ ఓపెన్ సోర్స్ (కోడ్‌ను ఎవరైనా చూసి, వాడి, మార్చుకోగల సాఫ్ట్‌వేర్) ప్రాజెక్టుకు ఇవ్వాలన్న దాని మీద మనం ఇంతగా మాట్లాడుకున్న సంవత్సరం ఇదివరకు లేదు.

ముందుగా కృతజ్ఞతలు చెప్పాలి. చిన్న మొత్తమైనా నెల తప్పకుండా పంపిన సభ్యులకు, పేరు చెప్పవద్దని షరతు పెట్టి పెద్ద విరాళం ఇచ్చిన దాతకు, సమావేశాలకు హాలు ఇచ్చిన కళాశాల యాజమాన్యానికి, ప్రతి రూపాయికీ రసీదు రాసిన కోశాధికారిగారికి, ఆఫీసు పని ముగించుకుని రాత్రిళ్లు దరఖాస్తులు చదివిన ఎంపిక ఉపసంఘానికి కార్యవర్గం తరఫున ధన్యవాదాలు. మా ప్రశ్నలన్నిటికీ ఓపికగా జవాబులు రాసిన మెయింటెయినర్లకు, అంటే ఆ ప్రాజెక్టులను చూసుకునేవారికి, ప్రత్యేకంగా రుణపడి ఉన్నాం. వాళ్లు మనకు ఏ విధంగానూ బాధ్యులు కారు, అయినా రాశారు.

ఇంతకాలం మనం చేస్తూ వచ్చింది మీకు తెలుసు. అందరికీ పేరు తెలిసిన ప్రాజెక్టులు కొన్ని ఎంచుకుని, ఉన్న సొమ్మును సమానంగా పంచేవాళ్లం. కిందటి సమావేశంలో ఒక యువ సభ్యురాలు లేచి, "మనం ఇచ్చేది వాళ్లకు ఎన్ని రోజుల పనికి సరిపోతుంది?" అని అడిగారు. వేదిక మీద ఉన్న మా ఎవరి దగ్గరా జవాబు లేదు. ఈ ఏడాది జరిగిన పనంతా ఆ ప్రశ్నతోనే మొదలైంది.

రోజూ వాడే సాఫ్ట్‌వేర్ ఒకటి తీసుకుని, అది లోపల ఏయే లైబ్రరీల (ఇతర ప్రోగ్రాములు వాడుకునే సిద్ధమైన కోడ్) మీద ఆధారపడి ఉందో రాసి తెమ్మని సభ్యులందరినీ కోరాం. వచ్చిన పట్టికలు పక్కపక్కన పెట్టి చూస్తే, మనం ఏనాడూ విరాళం ఇవ్వని పేర్లే మళ్లీ మళ్లీ కనిపించాయి. 1995లో తొలిసారి విడుదలైన, డేటాను కుదించే జెడ్‌లిబ్ దాదాపు అన్నిట్లోనూ ఉంది. చాలా ప్రోగ్రాముల్లో పీఎన్‌జీ బొమ్మ తెరుచుకోవాలంటే అది కావాలి. టీజెడ్ డేటాబేస్ కూడా అలాంటిదే. ఏ దేశం తన గడియారాన్ని ఎప్పుడు ముందుకో వెనక్కో జరిపిందో కొద్దిమంది వాలంటీర్లు అందులో నమోదు చేస్తూ వస్తున్నారు. మీ ఫోన్‌లో టైం సరిగ్గా కనిపించడం వెనక వాళ్ల శ్రమ ఉంది.

నిర్ణయ సభ గురించి కాస్త వివరంగా రాస్తాను. సంఘం పెట్టినప్పటి నుంచి నేను హాజరైన సభల్లో నాకు అన్నిటికన్నా గర్వంగా అనిపించింది ఇదే. పొద్దున మొదలై చీకటి పడేదాకా సాగింది. ఎప్పటిలాగే అందరికీ సమానంగా పంచుదామని సగం మంది, తక్కువ ప్రాజెక్టులకే సరిపడా ఇద్దామని మిగతా సగం వాదించారు. రెండో పక్షం వారు, ఇంటర్నెట్‌లో వెళ్లే సమాచారాన్ని ఇతరులు చదవలేని సంకేతాలుగా మార్చే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సంగతి గుర్తుచేశారు. 2014 ఏప్రిల్‌లో, సర్వర్లలోని రహస్య సమాచారం బయటికి పొక్కే హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడేనాటికి, ఇంటర్నెట్‌లో చాలా భాగానికి రక్షణగా ఉన్న ఆ ప్రాజెక్టుకు ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు. గగ్గోలు పుట్టాకే పెద్ద కంపెనీలు కదిలాయి.

తర్వాత ఎక్స్‌జెడ్ విషయం వచ్చింది. ఫైళ్లను కుదించే ఆ ప్రాజెక్టును లాసే కొలిన్ ఏళ్ల తరబడి దాదాపు ఒంటరిగా చూసుకున్నారు. ఆయన అలసిపోయి ఉన్న సమయంలో జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి, రెండేళ్లకు పైగా పనికొచ్చే ప్యాచ్‌లు (కోడ్‌లో సవరణలు) పంపి నమ్మకం సంపాదించి, చివరికి 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగదారి పెట్టారు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి భద్రంగా ప్రవేశించే పద్ధతి) లాగిన్ అరసెకను ఆలస్యం అవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు గమనించబట్టి 2024 మార్చిలో అది బయటపడింది. కొలిన్‌కు తోడుగా నమ్మకమైన మనిషి ఇంకొకరు ఉండి ఉంటే ఆ తలుపు అంత సులువుగా తెరుచుకునేది కాదని నా అభిప్రాయం.

అయితే సభను మలుపు తిప్పింది చూపులేని మన సభ్యుడొకరు మాట్లాడిన మాటలు. ఆయన తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో పనిచేస్తారు. 2006లో దాన్ని మొదలుపెట్టిన మైఖేల్ కరన్ కూడా చూపులేనివారే. దానితో పాటు వచ్చే గొంతు ఈస్పీక్ ఎన్‌జీ అనే మరో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుది. "ఈ రెండూ ఆగిపోతే నా ఉద్యోగం ఆగిపోతుంది. కొత్త ఫీచర్లు నేను అడగడం లేదు. ఉన్నది రేపు కూడా పనిచేస్తే చాలు" అన్నారాయన. ఆ తర్వాత జరిగిన ఓటింగ్‌లో, ఉన్నదాన్ని నిలబెట్టే మెయింటెనెన్స్ పనికే నిధులన్న తీర్మానానికి వ్యతిరేకంగా ఒక్క చెయ్యీ లేవలేదు.

ఆ తీర్మానం ప్రకారం మూడు చిన్న ప్రాజెక్టులను ఎంచుకున్నాం. ఒకేసారి చేతిలో పెట్టి మరిచిపోకుండా, రెండేళ్ల పాటు మూడు నెలలకోసారి పంపుతాం. ఇంత వస్తుందని ముందే తెలిస్తే మెయింటెయినర్ వేరే పని తగ్గించుకుని దీనికి రోజులు కేటాయించుకోగలరు. ఫలానా ఫీచర్ చేసిపెట్టాలన్న షరతు లేదు. బగ్‌లు (కోడ్‌లోని తప్పులు) చూడడం, ప్యాచ్‌లు రివ్యూ చేయడం, డాక్యుమెంటేషన్ సరిచేయడం కూడా పనేనని ఒప్పందంలో రాశాం. ఒక ప్రాజెక్టుకు తరచూ కోడ్ రాసే కార్యవర్గ సభ్యుడు దాని మీద చర్చ జరుగుతున్నంతసేపూ హాలు బయటే కూర్చున్నారు. ఎవరూ అడగకుండానే లేచి వెళ్లారు, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

నాలుగో ప్రాజెక్టు మెయింటెయినర్ డబ్బు వద్దన్నారు. తీసుకుంటే ప్రతి బగ్‌కూ వెంటనే జవాబు చెప్పాలన్న టెన్షన్ మొదలవుతుందని, దానికన్నా వారానికి కొన్ని గంటలు ప్యాచ్‌లు చదివే మనిషిని ఇస్తే మేలని రాశారు. ఆ ఉత్తరం చదివాక నాకు చాలాసేపు మాట రాలేదు. మన సభ్యులు ఇద్దరు ఇప్పుడు ఆ పని చేస్తున్నారు. విరాళాల పట్టికలో వారి పేర్లు ఉండవు కానీ, ఈ ఏడాది మన సంఘం ఇచ్చిన గొప్ప విరాళం వారిదే.

చిన్న ప్రాజెక్టులకు సొంత బ్యాంకు ఖాతా గానీ రిజిస్ట్రేషన్ గానీ ఉండవు. సాఫ్ట్‌వేర్ ఇన్ ది పబ్లిక్ ఇంటరెస్ట్, సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్జర్వెన్సీ వంటి సంస్థలు ప్రాజెక్టుల తరఫున విరాళాలు తీసుకుని లెక్కలు చూస్తాయి. అలాంటి నీడ కూడా లేని ప్రాజెక్టుకు డబ్బు చేర్చడానికి మేము ఒక కార్యాలయం చుట్టూ నెలల తరబడి తిరిగాం. ఒకే పత్రాన్ని మూడుసార్లు ఇచ్చాం. "సాఫ్ట్‌వేర్ ఉచితం అంటున్నారు, మరి డబ్బెందుకు?" అని అక్కడి అధికారి అడిగిన ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకొచ్చాం. మొదటి వాయిదా ఆలస్యం కావడానికి కారణం ఇదే. అందుకు ఆ మెయింటెయినర్‌ను క్షమించమని అడిగాం.

లెక్కలు ఆడిట్ అయ్యాయి. జమాఖర్చుల పత్రం ఈ నివేదికకు జత చేశాం. సందేహాలుంటే కోశాధికారిగారిని అడగండి.

ఒక మాట బాధతోనే రాస్తున్నాను. దరఖాస్తులు చదవడానికి పన్నెండు మంది పేర్లు ఇచ్చారు. రెండో వారం నుంచి వచ్చింది నలుగురే. మిగతావారిలో చాలామంది రాలేమని కబురైనా చేయలేదు. వారి వంతు కూడా ఆ నలుగురే మోశారు. ఒక్క మనిషి మీదే భారం పడితే ఎంత ప్రమాదమో ప్రాజెక్టుల విషయంలో మాట్లాడుకున్న సంఘంలోనే ఇలా జరిగింది. కుదరకపోతే ముందే చెప్పండి, వేరొకరిని వెతుక్కుంటాం.

వచ్చే సమావేశంలో రెండు తీర్మానాలు ఓటింగ్‌కు వస్తాయి. ఒకటి, మూడు ప్రాజెక్టుల రెండో ఏడాది వాయిదాలకు సరిపడే సొమ్మును వేరే ఖాతాలో ఉంచడం. రెండు, ప్యాచ్ రివ్యూలో సాయపడే సభ్యులతో శాశ్వత ఉపసంఘం ఏర్పాటు చేయడం. ఆ ఉపసంఘానికి ఇప్పటికి ఇద్దరున్నారు, కనీసం ఇంకో నలుగురు కావాలి. పేరు ఇచ్చేవారు వారంలో ఏ రోజు, ఎన్ని గంటలు ఇవ్వగలరో కూడా రాసి సమావేశానికి ముందే నాకు అందజేయండి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి