తృప్తిని కొలిచే ముందు

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

విశ్వవిద్యాలయ విద్యార్థులు డిజిటల్ వార్తలను ఎలా వాడుకుంటున్నారో, వాటివల్ల వారికి ఎంత తృప్తి కలుగుతోందో తెలుసుకోవడానికి నువ్వు తయారుచేసిన ప్రశ్నావళిని శ్రద్ధగా చదివాను. మాధ్యమాలు జనాన్ని ఏం చేస్తున్నాయనే కాక జనం వాటిని ఏ అవసరానికి వాడుకుంటున్నారో కూడా చూడాలన్న మాధ్యమ పరిశోధకులు కట్జ్, బ్లమ్లర్, గురెవిచ్‌ల 1970ల నాటి ఆలోచనను ఆధారం చేసుకోవడం నాకు నచ్చింది.

అయితే తృప్తిని ఐదు స్థాయిల ఒక్క ప్రశ్నతో ముగించావు. నా బెంగంతా అక్కడే. 1945లో న్యూయార్క్‌లో పత్రికలు చేరవేసే కార్మికులు సమ్మె చేసినప్పుడు, పత్రిక అందక ఏం కోల్పోయారని బెర్నార్డ్ బెరెల్సన్ అనే పరిశోధకుడు పాఠకులను విచారించాడు. లోకం సంగతులు తెలియడం లేదని వాపోయినవారిలో చాలామంది, ఫలానా వార్త కోసం ఎదురుచూస్తున్నామని చెప్పలేకపోయారు. వారికి లోటుగా తోచినవాటిలో రోజూ చదివే అలవాటు, నలుగురిలో మాట్లాడడానికి దొరికే విషయం కూడా ఉన్నాయి. నేడు ఫోన్‌లో శీర్షికలు చూసి పైకి జరిపేసే విద్యార్థి కూడా "చాలా తృప్తి" అనే గడిలోనే టిక్కు పెడతాడు. ఒక పరిశోధనాత్మక కథనాన్ని చివరిదాకా చదివి, అందులో ఇచ్చిన లింకు పట్టుకుని అసలు తీర్పునో నివేదికనో తెరిచి చూసిన విద్యార్థిని కూడా అదే గడిలో టిక్కు పెడుతుంది. ఈ ఇద్దరినీ ఒకే అంకెగా లెక్కిస్తే నీ పరిశోధనకు అన్యాయం జరుగుతుంది. సమస్య గురించి తెలుసుకోవడమే దానికోసం ఏదో చేసినట్లుగా భ్రమింపజేస్తుందని సామాజిక శాస్త్రవేత్తలు లజార్స్‌ఫెల్డ్, మెర్టన్ 1948లోనే హెచ్చరించారు.

విద్యా పరిశోధకులు వైన్‌బర్గ్, మెక్‌గ్రూల అధ్యయనం కూడా చూడు. తెలియని వెబ్‌సైటు ఎదురైతే ఫ్యాక్ట్ చెకర్లు (వార్తల నిజానిజాలు సరిచూసేవారు) వెంటనే దాన్ని వదిలి, దాని గురించి ఇతరులు ఏమంటున్నారో వెతికారు; అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఎక్కువగా ఆ పేజీలోనే ఉండిపోయి, దాని హంగును చూసి నమ్మారు. అందుకే నీ ప్రశ్నావళిలో ఎక్కువ అంకె వచ్చిన తృప్తి అంతా మంచిదేనని నేను అనుకోను.

కాబట్టి ఆ ప్రశ్న కిందే, చివరగా చదివిన వార్తను సొంత మాటల్లో రాయమను. అది ఎవరు రాశారో, మరోచోట సరిచూశారో లేదో, చదివాక ఎవరితోనైనా చర్చించారో అడుగు. జవాబులను విడదీసి కూర్చడం నీకు శ్రమే, కానీ వార్తను అర్థం చేసుకున్నవారి ఆనందం అప్పుడే బయటపడుతుంది. ముందు కొద్దిమంది సహాధ్యాయులతో పూర్తిచేయించి, ఆ జవాబులు నాకూ పంపు.

ఇట్లు,
మీ నాన్న