మా నెలవారీ నివేదికలో లేని గడి: ఆరోగ్య శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను మెథడోన్ కేంద్రంలో నర్సును. హెరాయిన్ అనే మత్తుమందుకు బానిసైనవారికి దాని బదులుగా చికిత్సలో రోజూ ఇచ్చే మందే మెథడోన్. రోజూ ఉదయం డోసు కొలిచి ఇచ్చి, ఎదురుగా మింగేదాకా చూసి, రిజిస్టరులో సంతకం పెట్టించుకోవడం నా పని. నెలనెలా మేము మీ శాఖకు పంపే నివేదికలో ఎంతమంది వచ్చారు, ఎంతమంది మానేశారు, ఎందరి మూత్ర పరీక్షలో హెరాయిన్ కనిపించింది అనే మూడు లెక్కలుంటాయి. వస్తున్నవారు ఎలా బతుకుతున్నారో రాయడానికి అందులో గడి లేదు.

ఈ మందు విలువను నేను తక్కువ చేయడం లేదు. చికిత్సలో ఉన్నవారి కంటే దాన్ని వదిలేసినవారిలో మరణాలు సుమారు మూడు రెట్లు ఎక్కువ; ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది కూడా. అయితే 1960లలో న్యూయార్క్‌లో ఈ చికిత్సను ఆరంభించిన విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ తమ రోగులు తిరిగి చదువుల్లో, ఉద్యోగాల్లో, కుటుంబాల్లో కుదురుకోవడాన్నే ఫలితంగా చూపించారు. మేము ఆ కొలతను ఎక్కడో వదిలేశాం.

చికిత్సలో చేరిన తొలి నెలల్లో జీవన నాణ్యత స్పష్టంగా మెరుగుపడుతుంది, తర్వాత చాలామందిలో అది అక్కడే ఆగిపోతుంది, సాధారణ ప్రజల స్థాయిని అందుకోదు. కారణాల్లో కొన్ని నాకు డోసు ఇచ్చే కిటికీలోంచే కనిపిస్తాయి. తీరని మలబద్ధకం, ఒళ్లంతా చెమటలు, చెదిరే నిద్ర, తగ్గిపోయే లైంగికాసక్తి వంటివి అడిగితే తప్ప ఎవరూ చెప్పరు, మేమూ అడగము. క్షయకు రిఫాంపిసిన్ మొదలుపెట్టిన రోగి శరీరంలో మెథడోన్ స్థాయి పడిపోయి, ఒళ్లు నొప్పులతో, వణుకుతో వచ్చి డోసు పెంచమని బతిమాలితే, మళ్లీ పాత దారి పట్టాడని అనుమానించిన సందర్భాలు ఉన్నాయి. ఆ అనుమానించినవారిలో నేనూ ఉన్నానని సిగ్గుతో ఒప్పుకుంటున్నాను.

అన్నిటికంటే బరువైనది రోజూ నిలబడే వరుస. ఏళ్ల తరబడి హెరాయిన్ ముట్టని మనిషి కూడా ప్రతి ఉదయం మా దగ్గరికి రావలసిందే కాబట్టి, ఉదయం షిఫ్టు ఉద్యోగం ఒప్పుకోలేడు, ఊళ్లో పెళ్లికి రెండు రోజులు ఉండలేడు, వరుసలో తెలిసినవారి కంట పడకుండా తప్పించుకోలేడు. అమెరికాలో 2020లో కోవిడ్ కాలాన నిలకడగా ఉన్న రోగులకు 28 రోజుల వరకు మందు ఇంటికి ఇవ్వడానికి అనుమతించి, 2024లో దాన్ని శాశ్వత నిబంధన చేశారు. ఇంట్లో పిల్లలు పొరపాటున మింగితే ప్రాణాపాయమన్నది, మందు చేతులు మారవచ్చన్నది నిజమైన భయాలే. తాళం వేసే పెట్టె, డాక్టరు నిర్ణయం, మధ్యమధ్య తనిఖీ అనే మార్గాలు వాటికి ఉన్నాయి. అందరినీ ఏళ్ల తరబడి వరుసలో నిలబెట్టడం నాకు మాత్రం జాగ్రత్తగా కాక శిక్షగా కనిపిస్తుంది.

కనుక నిలకడగా ఉన్నవారికి ఇంటికి మందు ఇచ్చే అధికారం డాక్టర్లకు ఇవ్వాలని, మూత్ర పరీక్షలో హెరాయిన్ కనిపించినందుకు డోసు తగ్గించే అలవాటును మాన్పించాలని కోరుతున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 26 ప్రశ్నల జీవన నాణ్యత పత్రం శరీరం, మనసు, సంబంధాలు, పరిసరాలు అన్నిటినీ అడుగుతుంది. చికిత్సలో చేరిన రోజున, ఆపై ఆరు నెలలకొకసారి దాన్ని నింపించి, ఫలితాన్ని మా నివేదికలో నాలుగో గడిగా చేర్చండి. ప్రశ్నలు అడిగే పని కిటికీ మూసిన తర్వాత మధ్యాహ్నం వేళల్లో చేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
మెథడోన్ కేంద్రంలో పనిచేసే ఒక నర్సు