మా ఫైలు దాచని గ్రంథాలయం కంప్యూటర్లు: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

కోనసీమ శాఖా గ్రంథాలయాల పాఠకులు నమస్కరించి రాయునది.

ఇదివరకు ఇచ్చిన అర్జీలన్నిటికీ "పరిశీలిస్తాం" అన్నారు. పరిశీలన ఎంతవరకు వచ్చిందో తెలియక ఇలా రాస్తున్నాం.

తమరిచ్చిన కంప్యూటర్లు పనిచేస్తున్నాయి, అబద్ధమెందుకు! మనిషి తెచ్చుకున్న ఫైలే వాటికి గిట్టదు. పెన్‌డ్రైవ్ పెడితే దాని లైటు వెలుగుతుంది గానీ తెర మీద డ్రైవు కనపడదు. వైరస్ భయంతో విండోస్ లోపలి సెట్టింగుల పట్టిక, అదే రిజిస్ట్రీలో, యూఎస్‌బీస్టోర్ కింద స్టార్ట్ విలువ 4 చేసి మూసి పెట్టారు. 3 చేస్తే తెరుచుకుంటుంది, నిమిషం పని. అలా మార్చడానికి కావాల్సిన అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం లైబ్రేరియన్ గారి దగ్గర లేదు, కంప్యూటర్లు బిగించి వెళ్లినవాళ్ల దగ్గరుంది.

పోనీ అక్కడే కూర్చుని టైపు చేసుకుందామంటే సి డ్రైవు ఫ్రీజ్ చేసి ఉంది, అంటే రీస్టార్ట్ అయిన ప్రతిసారీ మొదటి స్థితికి వచ్చేస్తుంది. డెస్క్‌టాప్ మీద దాచినా, డాక్యుమెంట్స్‌లో దాచినా, రీస్టార్ట్ అయితే అన్నీ మాయం. ఒకరి ఆధార్ కాపీ ఇంకొకరి కంట పడకుండా ఇది మంచి ఏర్పాటే, కాదనం. కానీ గాలివానకు మా లంకల్లో కరెంటు సంగతి తమకు చెప్పాలా? యూపీఎస్ ఉంది, అందులో బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటు రెప్పపాటు పోయినా మెషీన్ రీస్టార్టే. వర్డ్ తనంతట తాను దాచే ఆటోరికవరీ కాపీ కూడా సి డ్రైవులోనే ఉంటుంది కాబట్టి అదీ దక్కదు. గ్రూప్స్ పిల్లలు పొద్దుటి నుంచి కొట్టిన నోట్సంతా గోదాట్లో కలిసినట్టే.

మెయిల్ చేసుకోమని సలహా. కొత్త మెషీన్‌లో లాగిన్ అవుతుంటే గూగుల్ కోడ్ ఫోన్‌కు పంపుతుంది, ఫోనేమో రూలు ప్రకారం గుమ్మం దగ్గరే ఇచ్చి రావాలి! జీమెయిల్ అటాచ్‌మెంటుకు 25 ఎంబీ హద్దు. స్కాన్ చేసిన పాత ప్రశ్నపత్రాల కట్ట దాన్ని ఇట్టే దాటుతుంది. డీటీపీ షాపులో అను ఫాంట్లతో కొట్టించిన బయోడేటా ఇక్కడ తెరిస్తే, ఆ ఫాంట్లు ఈ మెషీన్లలో లేక, తెలుగుకు బదులు పిచ్చి గుర్తులు.

ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు కడుతున్నాం, ఆపైన నెట్ సెంటరుకూ కడుతున్నాం. రెండు కట్లూ మాకేనా?

లైబ్రరీకి ఒక్క మెషీనుకైనా యూఎస్‌బీ తెరిపించండి. పెన్‌డ్రైవ్‌లోని ప్రోగ్రాం దానంతటదే నడిచే ఆటోరన్ ఆపి, పెట్టగానే స్కాన్ అయ్యేట్టు పెడితే వైరస్ భయం చాలావరకు తీరుతుంది. డి డ్రైవును ఫ్రీజ్ నుంచి తప్పించి, మూసే వేళ ఖాళీ చేయించండి. ఆ పాస్‌వర్డేదో లైబ్రేరియన్ గారికి ఇప్పించండి. అవేవీ కుదరకపోతే కనీసం ఆ యూపీఎస్ బ్యాటరీలన్నా మార్పించండి మహాప్రభో!

ఇట్లు,
సెస్సు కడుతున్న పాఠకులు