మంత్రి గారూ, మాత్రలు పంపారు సరే, మొదలుపెట్టే హక్కు ఎప్పుడిస్తారు?

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఆంధ్రప్రదేశ్‌లో ఒక పల్లెటూరి సబ్ సెంటర్‌లో (ఇప్పటి పేరు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్) పనిచేసే సీహెచ్ఓని, అంటే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌ని. మా వాళ్లు ఇచ్చిన వినతిపత్రాలు మీ టేబుల్ దాకా వచ్చాయో, దారిలో ఏ ఫైలు కింద ఉండిపోయాయో మాకు తెలీదు. అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాను. ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అంటే ఏమిటో, నర్సింగ్ చదివిన మమ్మల్ని అందులో ఎందుకు కూర్చోబెట్టారో మీకు నేను చెప్పక్కర్లేదు. జీతాలు, రెగ్యులరైజేషన్ సంగతి కూడా ఈసారికి పక్కన పెడతాను (అది పక్కన ఉండటానికి అలవాటు పడిపోయింది లెండి). బీపీ గురించి మాట్లాడదాం.

30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ స్క్రీనింగ్ చేయమన్నారు, చేస్తున్నాం. ఆశా వర్కర్ ఇంటింటికీ తిరిగి ఎవరికి ఏ జబ్బు ముప్పు ఉందో అడిగి రాసే సీబ్యాక్ ఫారం నింపుతుంది, నేను బీపీ, షుగరు చూసి పోర్టల్‌లో ఎక్కిస్తాను. మనిషికి 164/102 వస్తుంది. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూస్తాను, ఇంకో రోజు రమ్మని మళ్లీ చూస్తాను, అంతే ఉంటుంది. బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ నా వెనక ర్యాక్‌లోనే ఉంది. మీరు పంపిందే. సబ్ సెంటర్‌లో ఉండాలన్న 105 మందుల్లో అదీ ఒకటి. కానీ మొదటి మాత్ర నేను ఇవ్వకూడదు! డాక్టరు గారు చూసి, బీపీయేనని తేల్చి రాస్తే, ఆ తర్వాత నెలనెలా చేతిలో పెట్టడానికి మాత్రం నేను పనికొస్తాను.

సరే, పీహెచ్‌సీకి వెళ్లమని చెప్తాను. ఆయన ఉపాధి పనికి వెళ్లే మనిషి. ఒక రోజు కూలి వదులుకుని, ఆటో ఎక్కి వెళ్తే ఆరోజు డాక్టరు గారు జిల్లా మీటింగ్‌లో ఉంటారు, లేదా డిప్యుటేషన్ మీద ఇంకో చోట ఉంటారు. ఆయన తప్పు కూడా కాదు, ఒక్క మనిషి ఎన్నిచోట్ల ఉంటారు. మనవాడు తిరిగొచ్చేస్తాడు. బీపీకి నొప్పీ ఉండదు, జ్వరమూ ఉండదు కదా, "నేను బానే ఉన్నాను మేడమ్, ఎందుకు తిప్పుతారు" అని రెండోసారి వెళ్లడు. 104 బండి వచ్చే రోజు రమ్మంటాం, ఆరోజు నాట్లు ఉంటాయి. ఇదంతా అయ్యాక పోర్టల్‌లో నా పేరు మీద ఫాలో-అప్ పెండింగ్ అని పడుతుంది. మందు మొదలుపెట్టే హక్కు నాది కాదు, మొదలవ్వకపోతే కోత పడే ఇన్సెంటివ్ మాత్రం నాది.

అదే మనిషికి తల తిరిగితే ఎక్కడికి వెళ్తాడో మీకు తెలుసా? వీధి చివర ఆర్ఎంపీ దగ్గరికి. ఆయనకు డిగ్రీ లేదు, రిజిస్ట్రేషన్ లేదు, పోర్టల్ లేదు, టార్గెట్ అసలే లేదు. ఇంజెక్షన్ వేస్తాడు, సెలైన్ పెడతాడు, నోటికొచ్చిన యాంటీబయాటిక్ రాస్తాడు. నాలుగేళ్లు బీఎస్సీ నర్సింగ్, దాని మీద ఆరు నెలలు కమ్యూనిటీ హెల్త్ కోర్సు చేసి, పరీక్ష రాసి వచ్చిన నేను మాత్రం ఆమ్లోడిపిన్ 5 ఎంజీ ముందు చేతులు కట్టుకుని నిలబడాలి.

టెలికన్సల్టేషన్, అంటే ఫోన్‌లోనే డాక్టరుని అడగడం, ఉంది కదా అంటారు. ఉంది సార్. ఈ-సంజీవని అనే ఆ సేవ సబ్ సెంటర్లకు 2019 నవంబరులో మొదట మా రాష్ట్రంలోనే వచ్చింది, కాదనను. గుండె కొట్టుకోవడంలో తేడా ఉన్న కేసో, గర్భిణికి ఏదైనా అనుమానమో వచ్చినప్పుడు స్పెషలిస్టుతో మాట్లాడగలగడం నిజంగా మేలే. కానీ బీపీ కేసుకి ఏం జరుగుతుందో చెప్తాను వినండి. సిగ్నల్ కోసం ఫోన్ పట్టుకుని వరండాలోకి వస్తాను, క్యూలో ఉంటాను, అవతల డాక్టరు గారు వస్తారు. రీడింగ్ ఎంత అంటారు, చెప్తాను. వేరే జబ్బులేమైనా ఉన్నాయా అంటారు, చెప్తాను. ఆమ్లోడిపిన్ ఇవ్వమంటారా సార్ అంటే ఇవ్వమ్మా అంటారు. నేను చెప్పిందే ఆయన టైప్ చేసి పంపుతారు. ఈలోగా బయట పిల్లలకు టీకాల కోసం వచ్చిన తల్లులు గోల పెడుతుంటారు. నెట్ పోతే మళ్లీ మొదటికి. బండి తాళం చేతికిచ్చి, స్టార్ట్ చేసే ప్రతిసారీ ఫోన్ చేసి అడగమన్నట్టుంది.

చట్టం లేదా అంటే, ఉంది. 2019 నేషనల్ మెడికల్ కమిషన్ చట్టంలో సెక్షన్ 32 మీకు గుర్తుండే ఉంటుంది. కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్‌కి పరిమిత లైసెన్స్ ఇవ్వచ్చు, ప్రాథమిక వైద్యంలో, వ్యాధి నివారణలో నిర్ణయించిన మందులు సొంతంగా రాయొచ్చు అని అందులోనే ఉంది. దాని మీద ఆ ఏడాది డాక్టర్లు రోడ్డెక్కారు, దొంగ వైద్యానికి ముద్ర వేస్తున్నారన్నారు. అసలు దొంగ వైద్యం ఊరి నడిబొడ్డున బోర్డు కట్టుకుని కూర్చుంటే దాని మీద అంత కోపం ఎప్పుడూ చూడలేదు, అది వేరే సంగతి. ఇన్నేళ్లైనా ఆ లైసెన్స్ నా చేతికి రాలేదు, ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లూ లేరు. 2023లో మా సెంటర్ల పేరు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని మార్చినప్పుడు మాత్రం బోర్డులు మార్చి ఫొటోలు అప్‌లోడ్ చేయాలని రాష్ట్రాలకు వెంటనే ఉత్తరాలు వచ్చాయి, గడువుతో సహా.

నర్సు మందు రాయడమేంటి అని ఢిల్లీలో ఇంకా ఎవరికైనా అనిపిస్తే, అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు 1965లోనే మొదలైంది. అంత దూరం ఎందుకు, మన నర్సింగ్ కౌన్సిలే క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ అని రెండేళ్ల పీజీ పెట్టింది. ప్రాణాపాయంలో ఉన్న మనిషి పక్కన ఐసీయూలో నర్సుని నమ్మొచ్చు గానీ, నడిచి వచ్చిన మనిషికి బీపీ మాత్ర ఇవ్వడానికి నమ్మకూడదా? ఈ లెక్క నాకు అర్థం కాలేదు, మీకు అర్థమైతే దయచేసి చెప్పండి.

నేను డాక్టర్‌ని అనిపించుకోవాలని లేదు. ఊళ్లో కొందరు డాక్టరమ్మ అంటే నేనే కాదని చెప్తాను. ఛాతీ నొప్పి, గర్భిణికి బీపీ, కిడ్నీ జబ్బు, చిన్న వయసులో పెద్ద రీడింగు, ఇవన్నీ పైకి పంపేవే, పంపుతాను కూడా. నేను అడిగేది మామూలు బీపీ, మామూలు షుగరు. ఏ రీడింగుకి ఏ మందు, ఎంత డోసు, ఎప్పుడు రిఫర్ చేయాలో ఒక కాగితం మీద రాసివ్వండి, దాని మీద పరీక్ష పెట్టండి, పాసైనవాళ్లకే ఇవ్వండి. నెలకోసారి డాక్టరు గారు నా రిజిస్టరు చూసి తప్పులు దిద్దనివ్వండి. తప్పు చేస్తే అడగండి. కానీ లైసెన్సే ఇవ్వకుండా, రేపు ఏదైనా అయితే నీకెవరు ఇవ్వమన్నారని మమ్మల్నే నిలబెట్టే పద్ధతి మాత్రం ఆపండి సార్.

సెక్షన్ 32 కింద నిబంధనలు ఎప్పటికి అమల్లోకి వస్తాయో ఒక తేదీ చెప్పండి. అది మీ వల్ల కాకపోతే, కనీసం బీపీ మొదటి నెల మందు వరకైనా అనుమతిస్తూ రాష్ట్రాలకు ఒక ఉత్తరం రాయండి. బోర్డుల కోసం రాశారుగా, అలాంటిదే ఇంకొకటి.

ఇట్లు,
ఒక సీహెచ్ఓ

తా.క.: పేరు రాయలేదని అనుకోకండి. నాది కాంట్రాక్టు ఉద్యోగం.