టైల్స్ కింద వేసే సిమెంటు బెడ్ గురించి

సభ్యులందరికీ నమస్కారం.

మనలో చాలామంది ఇళ్ళు ఇప్పుడు ఫ్లోరింగ్ దశకు వచ్చాయి కనుక, టైల్స్ ఎంపిక మీద పెడుతున్న శ్రద్ధలో కొంతైనా వాటి కింద పరిచే బెడ్ (సిమెంటు, ఇసుక కలిపిన మాలు పొర) మీద కూడా పెట్టమని కోరుతున్నాను. సిమెంటు ఎండడం వల్ల గట్టిపడదు; నీటితో జరిగే రసాయన చర్య వల్ల గట్టిపడుతుంది. ఆ చర్య సాగుతుండగానే ఎండకో, కిటికీలోంచి వచ్చే వడగాలికో తేమ ఆవిరైపోతే పైపొర పొడిబారి రాలిపోతుంది. గత మే నెలలో మా వరండాలో ఇదే జరిగింది. మూడో రోజు మేకుతో గీస్తే బూడిద రంగు పొడి లేచింది, చీపురుతో ఊడ్చినకొద్దీ ఇసుక వస్తూనే ఉంది. ఆ భాగమంతా పగలగొట్టి మళ్ళీ వేయించవలసి వచ్చింది.

బెడ్ వేసేముందు స్లాబును తడపాలి, లేకపోతే మాలులోని నీటిని అదే పీల్చేస్తుంది. మర్నాటి నుంచి తడి గోనెపట్టాలు పరిచి, వాటిపై ప్లాస్టిక్ పట్టా కప్పి, కనీసం 7 రోజులు తేమ ఆరకుండా చూడండి. లేత బెడ్ మీద పైపుతో ధారగా నీళ్ళు కొట్టనివ్వకండి, సిమెంటు కొట్టుకుపోతుంది. మొదటి 24 గంటలు ఎవరూ నడవకూడదు. ఎలక్ట్రీషియన్ నిచ్చెన కూడా ఆ గదిలోకి రాకుండా గుమ్మానికి అడ్డంగా చెక్క పెట్టించండి.

ఇదంతా గట్టిపడిన బెడ్ మీద గమ్ముతో టైల్స్ అతికించే పద్ధతికి వర్తిస్తుంది. పచ్చి బెడ్ మీదే సిమెంటు పాలు పోసి పరిచేవారు ఆ రోజే టైల్స్ మధ్య అతుకులు మూయించకండి.