ఫెలోషిప్ రాని పరిశోధకులకు నెలనెలా ఎంతోకొంత ఇవ్వండి

సంపాదకులకు,

నేను అల్లూరులో టైలరింగ్ షాపు నడుపుతాను. మా అమ్మాయి ఒక రాష్ట్ర యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. వనామి రొయ్యల చెరువుల్లో నీళ్లు ఎప్పుడు, ఎలా పాడవుతాయన్నది తన పరిశోధన. విడవలూరు, ఇందుకూరుపేట వైపు చెరువు గట్ల మీద తిరుగుతుంది. సీడు (రొయ్య పిల్లలు) వదిలినప్పటి నుంచి పట్టుబడి దాకా వారం వారం శాంపిళ్లు తీయాలి. ఒక వారం తప్పినా లెక్క చెడిపోతుందట. మా ఫ్రిజ్ తీస్తే పెరుగు గిన్నె పక్కనే చెరువు పేరు, తేదీ రాసి అంటించిన సీసాలు ఉంటాయి. వైట్‌స్పాట్ అనే రొయ్యల జబ్బు వచ్చి పంట పోగొట్టుకున్న రైతులు తను కనబడితే చాలు, "ఏం తేలిందమ్మా?" అని అడుగుతారు.

ఇంత పనికొచ్చే చదువుకు నెలకు ఒక్క రూపాయి రాదు. నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధకులకు నెలనెలా డబ్బిచ్చే ఫెలోషిప్) వచ్చినవారికి 2023 జనవరి నుంచి నెలకు రూ.37,000 ఇస్తున్నారు. మంచిదే. మా అమ్మాయికి నెట్ వచ్చింది కానీ కొద్ది మార్కుల్లో జేఆర్‌ఎఫ్ పోయింది. అంతే, 37 వేలు కాస్తా సున్నా అయిపోయింది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో జేఆర్‌ఎఫ్ లేని పీహెచ్‌డీ విద్యార్థులకు నెలకు రూ.8,000 ఇచ్చే పద్ధతి ఉంది. రాష్ట్ర యూనివర్సిటీలో చేరినందుకు మా పిల్లకు అదీ లేదు.

పెట్రోలు, ఐస్, కెమికల్స్, బయటి ల్యాబుకు కట్టే ఫీజు, అన్నీ చేతి డబ్బే. సాయంత్రాలు ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెప్పి కొంత పెట్టుకుంటుంది. మిగతాది పెళ్లిళ్ల సీజన్‌లో నేను కుట్టిన జాకెట్ల డబ్బు. నా బిడ్డకు పెట్టడం నాకు బరువు కాదు. ఉదయగిరి వైపు నుంచో, కనిగిరి వైపు నుంచో వచ్చిన కూలీల పిల్లల సంగతేమిటి? తెలివి ఉండీ పీజీతోనే ఆగిపోతున్నారు. చేరినవాళ్లకేమో ఈ నెల ఎలా గడుస్తుందా అన్న టెన్షన్‌తోనే సరిపోతోంది.

యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2022లో తెచ్చిన నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు పడుతుంది. ఆరేళ్ల దాకా గడువు ఉంది. అన్నేళ్లు జీతం లేకుండా ఎవరు చదవగలరు? ఏ ఫెలోషిప్పూ లేని ఫుల్‌టైమ్ స్కాలర్లకు రాష్ట్ర ప్రభుత్వం కనీసం ఆ రూ.8,000 అయినా ఇవ్వాలి, అదీ ఏడాదికోసారి కాకుండా నెలనెలా ఖాతాలో వేయాలి. శాంపిళ్లు, ల్యాబు ఖర్చులకు విడిగా గ్రాంటు పెట్టాలి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఎమ్మెల్యేలు వచ్చే బడ్జెట్ సమావేశాల్లోనే ఈ మాట అడగాలని కోరుతున్నాను.

– ఒక పరిశోధక విద్యార్థిని తండ్రి,
అల్లూరు, నెల్లూరు జిల్లా