మా బాబును కాపాడిన చేతులకు

ఏప్రిల్‌లోనే చెప్పవలసిన మాట, 2020 నవంబరు నెలాఖరున చెబుతున్నాను. ఇన్నాళ్లూ రాయడానికి కూర్చుంటే కన్నీళ్లు వచ్చేవి.

2020 ఏప్రిల్‌లో, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో, మా బాబు పుట్టిన పన్నెండో రోజు. పురుటికి రావలసిన అత్తయ్య, మామయ్య మార్చిలో విమానాలు ఆగిపోయి గుంటూరులోనే ఉండిపోయారు. ముందు నాకు దగ్గు, జ్వరం వచ్చాయి. మూడు రోజులకు బాబు ఒళ్లు కాలిపోయింది, పాలు తాగడం మానేశాడు. అంత పసికందుకు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్‌కు (100.4 ఫారన్‌హీట్) చేరితే వెంటనే ఆసుపత్రే. నా భార్య ఒక్కతే బాబును తీసుకుని అంబులెన్సు ఎక్కింది. జ్వరంతో ఉన్న నేను గుమ్మం దాటకూడదు.

రక్తం తీశారు, వెన్ను నుంచి నీరు తీశారు. ముక్కులోంచి తీసిన నమూనాలో కరోనా తేలింది. రెండు రోజులు ఆక్సిజన్ పెట్టారు.

బిడ్డను తన దగ్గర నుంచి తీసుకుపోతారని నా భార్య వణికిపోయింది. చైనాలో అలా వేరు చేశారని వార్తల్లో చూశాం. డాక్టరు మాత్రం, మాస్కు పెట్టుకోండి, చేతులు కడుక్కోండి, పాలు మీరే ఇవ్వండి అన్నారు. ఆ మాటకు ఆయనకు నమస్కారం. రాత్రి డ్యూటీలో ఉన్న మలయాళీ నర్సుకు ఇంకా పెద్ద నమస్కారం. మాస్కు వెనక కళ్లు తప్ప ఆమె ముఖం మాకు తెలియదు. బాబును "మోనే" (మలయాళంలో "కొడుకా") అని పిలిచేది. తెల్లవారుజామున మూడు గంటలకు వాడు మళ్లీ పాలు పట్టుకున్నప్పుడు, నాకు వీడియో కాల్ చేయమని నా భార్యకు గుర్తుచేసింది ఆమే.

ఈ నెలలో బ్రిటన్ పరిశోధకుల అధ్యయనం ఒకటి చదివాను. మార్చి, ఏప్రిల్ నెలల్లో దేశం మొత్తం మీద కరోనాతో ఆసుపత్రిలో చికిత్స పొందిన నెలలోపు పిల్లలు 66 మంది. వారిలో 42 శాతం మందికి జబ్బు తీవ్రంగా వచ్చింది. కరోనా వల్ల ఒక్క బిడ్డ కూడా చనిపోలేదు. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో! ఆ 66లో మావాడూ ఉండే ఉంటాడు. వారిలో దాదాపు సగం మంది మనలాంటి ఆసియా, ఆఫ్రికా మూలాల కుటుంబాల పిల్లలు. అందుకే ఇక్కడి తెలుగువారికి ఒక మాట: పసిబిడ్డకు జ్వరం వస్తే, కరోనా భయంతో ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేయకండి. తల్లిని, బిడ్డను విడదీయనక్కర లేదన్న మార్గదర్శకాలనే ఆ అధ్యయనమూ బలపరిచింది.

ఇక మా వీధి చివరి అక్కకు. అక్కా, నా భార్య, బాబు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజు నుంచి మూడు వారాలు మా గుమ్మం ముందు స్టీలు క్యారియర్ పెట్టి, గంట కొట్టి, దూరంగా నిలబడి చూసి వెళ్లేవారు. బీరకాయ కూర, వెల్లుల్లి కారం, మెత్తటి అన్నం, చిన్న గిన్నెలో నెయ్యి. పుట్టింటి నుంచి ఎవరూ రాలేని బాలింతకు పథ్యం మీరే పెట్టారు.

చివరి క్యారియర్ ఇంకా మా దగ్గరే ఉంది. ఖాళీగా ఇవ్వడానికి మనసు ఒప్పలేదు. ఈ ఆదివారం బాబుకు అన్నప్రాశన. మళ్లీ లాక్‌డౌన్, మిమ్మల్ని లోపలికి పిలవలేం. పరమాన్నంతో మీ గుమ్మం ముందు పెట్టి గంట కొడతాను. బాబును ఎత్తుకుని గేటు దగ్గర నిలబడతాం, ఒక్కసారి బయటికి రండి.